తోటరాముడి పెళ్ళి తర్వాత

మా నాయనమ్మ చెప్పే కథ పెళ్ళితో ఆగేది కాదు. రాక్షసుడు చచ్చాడు, రాజుగారు కూతుర్నీ అర్ధరాజ్యాన్నీ ఇచ్చాడు, వీధివీధికీ పందిళ్ళు వేశారు అనేదాకా చెప్పి, బుగ్గనున్న వక్కపలుకు ఇటునుంచి అటు మార్చుకుని, "ఇహ ఆ తర్వాత ఏం జరిగిందో వినండర్రా" అనేది. నిద్రకి తూలుతున్న మా పెదనాన్న పిల్లలు కూడా లేచి కూర్చునేవాళ్ళు. అందరిళ్ళల్లో కథ కంచికి వెళ్ళే వేళకి మా ఇంట్లో అసలు కథ మొదలయ్యేది.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. వేసవి సెలవుల్లో ఆరుబయట నవారు మంచాలు వరసగా వేసి, నీళ్ళు చల్లిన వాకిట్లో పడుకునేవాళ్ళం. నాయనమ్మకి చదువు రాదు. ఆవిడ కథలన్నీ చెవిన పడ్డవే. జంగాలు చెప్పినవి, బుర్రకథలో విన్నవి, కోతల దగ్గర ఆడవాళ్ళు చెప్పుకున్నవి, వాళ్ళమ్మ చెప్పినవి. వాటన్నిట్లోకీ ఆవిడకి ప్రాణం బాలనాగమ్మ కథ.

ఈ కథ ఊరికో రకంగా చెప్తారు. మా నాయనమ్మ చెప్పిన తీరు ఇదీ. మాయల ఫకీరు భిక్షకని వచ్చి బాలనాగమ్మను కుక్కగా మార్చి నాగళ్ళపూడి గట్టుకి తీసుకుపోతాడు. వెతుక్కుంటూ వెళ్ళిన భర్త కార్యవర్ధిరాజు, ఆయన వెంటవెళ్ళిన బలగం అంతా రాళ్ళయిపోతారు. ఉయ్యాల్లో ఉన్న పసివాడు బాలవర్ధిరాజు పెద్దమ్మల చేతుల మీద పెరుగుతాడు. ఊహ తెలిశాక, తల్లి సంగతి చెవిన పడ్డాక, ఒక్కడే బయల్దేరతాడు. మీసం కూడా రాని పిల్లాడు. పూలమ్మే ముసలావిడ దగ్గర మనవడినని చెప్పి చేరి, పూలబుట్టతో తల్లి ఉన్న మేడ ఎక్కుతాడు. ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉందని తల్లిచేత కూపీ లాగించి, ఆ చిలకను తెచ్చి, ఫకీరు కళ్ళెదురుగా రెక్కలు విరిచి, మెడ తుంచుతాడు. రాళ్ళన్నీ మనుషులైపోతాయి. శుభం.

నాయనమ్మకి అక్కడ శుభం కాదు. కార్యవర్ధిరాజు రాయిగా ఉన్నన్నాళ్ళూ ఆయనకి వయసు పెరగలేదు. "రాయికి వయసేముంటదిరా" అనేది. కళ్ళు తెరవగానే ఆయన అడిగిన మొదటి మాట, "నా పిల్లాడేడీ?" ఉయ్యాల కోసం చుట్టూ చూశాడట. ఎదురుగా తన భుజం దాకా వచ్చిన కొడుకు చేతిలో చచ్చిన చిలకతో నిలబడి ఉన్నాడు. ఆ పిల్లాడు తన బిడ్డని ఆయనకి ఎవరు చెప్పాలి, ఎలా చెప్పాలి? దానికి నాయనమ్మ ఒక రాత్రంతా తీసుకునేది.

ఇంటికొచ్చాక బాలవర్ధికి తల్లి కొత్త. అమ్మా అని పిలవడానికి నోరు రాదు. ఏడుపొస్తే కాళ్ళు పెద్దమ్మ గదివైపే వెళ్తాయి. బాలనాగమ్మ ముద్దలు కలిపి పెడితే కారం ఎక్కువై కళ్ళల్లో నీళ్ళు తిరిగేవట, కానీ నోరు విప్పి చెప్పేవాడు కాదు. వాడు కారం తినడని తెలిసింది పెద్దమ్మకి. ఆవిడ కూడా వాకిట్లో నిలబడి చూస్తూ చెప్పేది కాదు, తల్లీబిడ్డల మధ్యకి తానెందుకు రావాలని. ఈ చోట మా పెద్దత్తయ్య ప్రతిసారీ పైట చెంగుతో కళ్ళు తుడుచుకునేది. ఆవిడ మేనల్లుణ్ణి పెంచి, తర్వాత అప్పగించిన మనిషి.

ఇక చిలక సంగతి. కోటలో చిలక పంజరం ఉండకూడదని బాలవర్ధి కట్టడి చేశాడట. తెల్లవారుజామున జామచెట్టు మీద చిలకలు వాలితే తోలేవాడు కాదు, తనే లేచి లోపలికి వెళ్ళి పడుకునేవాడు. ఎందుకు నాయనమ్మా, అది ఫకీరు ప్రాణం కదా, చంపక తప్పదు కదా అంటే, "తప్పదు. కానీ ఆ మెడ విరిగిన చప్పుడు వేళ్ళకి తగిలింది కదరా నాన్నా, అదెక్కడికి పోద్ది?" అంది. నాకప్పుడు పదేళ్ళుంటాయేమో. ఆ రాత్రి నా వేళ్ళు నేను చాలాసేపు చూసుకున్నాను.

ఆ తర్వాత చందమామలొచ్చాయి. వచ్చాయి అంటే, ఊళ్ళో శాఖా గ్రంథాలయానికి. వడ్డాది పాపయ్యగారి బొమ్మతో అట్ట ఉన్న సంచిక బల్లమీద కనబడితే ఇంకెవరి చేతికీ చిక్కకముందే అందుకునేవాళ్ళం. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన పత్రిక. చక్రపాణిగారు తెనాలివారు. 1952 నుంచి చనిపోయేదాకా దాన్ని నడిపిన కొడవటిగంటి కుటుంబరావుగారూ తెనాలివారే. మా లైబ్రేరియన్ గారు ఈ సంగతి ప్రతి పిల్లాడికీ ఒకసారి చెప్పేవారు, అదేదో మా ఇంటి ఆస్తి అన్నట్టు. నేనూ అలాగే నమ్మాను, ఇప్పటికీ నమ్ముతాను.

చందమామలో ముందు తిప్పేది సీరియల్ పేజీ. 'చిత్ర'గారి బొమ్మలు. మాంత్రికులు, ఒంటికన్ను రాక్షసులు, పాడుబడ్డ గుళ్ళు, ఏనుగంత పక్షులు. అందులో వీరులందరూ రాజకుమారులు కారు, అదే నాకు నచ్చేది. శిథిలాలయంలో శిఖిముఖి శబర యువకుడు. అడవిలో పుట్టి పెరిగినవాడు. విక్రమకేసరితో కలిసి వాడు చేసే సాహసాలకి నెలంతా ఎదురుచూడాలి. కానీ సీరియల్ అయిపోయిన నెల నాకు దిగులుగా ఉండేది. దుర్మార్గుడి పీడ విరగడై, పెళ్ళో పట్టాభిషేకమో జరిగిపోయి, పేజీ కింద సమాప్తం అని ఉండేది. పై నెలలో కొత్త సీరియల్, కొత్త వీరులు. పాతవాళ్ళేమయ్యారన్న మాట ఎవరూ ఎత్తరు. నాయనమ్మ దగ్గర పెరిగిన నాకు అది అన్యాయంగా తోచేది.

ఆ సీరియళ్ళు రాసిందెవరో కూడా మాకు తెలియదు. పేరు వేసేవారు కాదు. చాలా ఏళ్ళ తర్వాత, నేను ఉద్యోగంలో ఉండగా తెలిసింది, ఆయన దాసరి సుబ్రహ్మణ్యంగారని. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి డెబ్భైల చివరిదాకా ఒకదాని వెనక ఒకటి ఆ సీరియళ్ళన్నీ ఆయనే రాశారు. చందమామ ఆఫీసులో యాభై ఏళ్ళకు పైగా పనిచేశారు. 2010 జనవరిలో విజయవాడలో పోయారు. రెండు మూడు తరాల పిల్లల్ని రాత్రిళ్ళు నిద్రపోనివ్వని మనిషి, ఆ పని ముగిశాక కూడా ఎన్నో ఏళ్ళు అదే బల్ల దగ్గర పేరు లేకుండా కూర్చుని పిల్లల కథలు దిద్దారు. ఆ వార్త చదివినప్పుడు నాకు ఇంట్లో ఎవరో పోయినట్టే అనిపించింది. శిఖిముఖి ఏమయ్యాడని అడగాల్సిన మనిషి అంతకాలం మద్రాసులోనే ఉన్నాడు, ఒక్క రాత్రి రైలు ప్రయాణం దూరంలో.

నేను చెప్పదలుచుకున్న అసలు కథ పాతాళభైరవిది. ఆ నాగిరెడ్డి, చక్రపాణిలే తీసిన సినిమా, విజయావారిది, 1951 మార్చి 15న విడుదలైంది. నేను చూసేనాటికి అది పాతబడిన సినిమా. కానీ మా పక్క ఊరి టూరింగ్ టాకీసుకి రెండేళ్ళకో మూడేళ్ళకో తిరిగి వచ్చేది. వచ్చిందంటే ఊళ్ళకి ఊళ్ళు కదిలేవి. సాయంత్రం మైకులో ఘంటసాలగారి వెంకటేశ్వరస్వామి పాట వేస్తే ఇక టిక్కెట్లు ఇస్తున్నారని గుర్తు. ఆ పాట పొలాల మీదుగా వినబడగానే అమ్మ పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగేది. నేల టిక్కెట్టు తీసుకుని, ఇసక పోగుచేసి గద్దె కట్టుకుని, దాని మీద కూర్చునేవాళ్ళం. ఒకటే ప్రొజెక్టరు కాబట్టి రీలు మార్చినప్పుడల్లా దీపాలు వెలిగేవి. ఆ సందులో నాయనమ్మ ఆడవాళ్ళ వైపునుంచి తడిక మీదుగా నన్ను పిలిచి పల్లీల పొట్లం అందించేది.

కథ మీకు తెలిసిందే. ఉజ్జయినిలో తోటమాలి కొడుకు రాముడు, రాకుమారి ఇందుమతిని ప్రేమిస్తాడు. ఐశ్వర్యంలో మాతో సమానుడివై రా, అప్పుడు చూద్దామంటాడు రాజు. నేపాళ మాంత్రికుడు వాణ్ణి పాతాళభైరవికి బలివ్వాలని వెంటబెట్టుకుపోతే, మొసలి రూపంలో శాపం అనుభవిస్తున్న ఆవిడ వల్ల మోసం తెలుసుకుని, రాముడు మాంత్రికుణ్ణే బలిచ్చి కోరికలు తీర్చే ఆ అమ్మవారి విగ్రహాన్ని సంపాదిస్తాడు. అడిగిందే తడవుగా మేడ లేస్తుంది, సిరి కురుస్తుంది, రాజు ఒప్పుకుంటాడు, పెళ్ళి పనులు మొదలవుతాయి.

ఇంకెవరైనా అయితే కథ అక్కడ ముగించేవాళ్ళు. పింగళి నాగేంద్రరావుగారు, కె.వి. రెడ్డిగారు ముగించలేదు. నాకు తెలిసి మన జానపద సినిమాల్లో అంత ధైర్యమైన పని లేదు. మాంత్రికుడి శిష్యుడు సదాజపుడు సంజీవనితో గురువును బతికిస్తాడు. మాంత్రికుడు రాణిగారి తమ్ముడు శూరసేనుడి చేత విగ్రహం దొంగతనం చేయిస్తాడు. అంతే, మేడా లేదు, సిరీ లేదు, ఇందుమతీ లేదు. తోటరాముడు మళ్ళీ తోటరాముడు. అల్లావుద్దీన్ కథలోనూ ఇలాగే జరుగుతుంది, దీపం పోతే భవనమే మాయమవుతుంది. కానీ తెరమీద, నిన్నటిదాకా పందిళ్ళున్న చోట ఎన్టీ రామారావు ఒంటరిగా నిలబడితే మా టాకీసులో ఏడ్చినవాళ్ళున్నారు. నేనూ ఏడ్చాను. రెండోసారి గెలుపు విగ్రహంతో కాదు, స్నేహితుడు అంజితో. మాంత్రికుడి బలమంతా గడ్డంలో ఉంటే, అంజి సదాజపుడి వేషంలో వెళ్ళి, రాకుమారి మెచ్చుతుందని నమ్మించి దాన్ని గీయించేస్తాడు. ఎస్వీ రంగారావుగారి గడ్డం పోయిన క్షణాన నేలటిక్కెట్టు జనం వేసిన ఈలలు ఇంకా చెవుల్లో ఉన్నాయి.

ఆ రాత్రి ఎడ్లబండి మీద తిరిగొస్తుంటే నాయనమ్మ, "ఇప్పుడు గానీ వాడు అల్లుడు కాలేదురా" అంది. "ఇప్పుడు అయ్యాడు, ఇప్పుడు అసలు పాట్లు."

ఆ పాట్లేమిటో రాయాలని నాకు బుద్ధి పుట్టింది. తొమ్మిదో తరగతి సెలవులు. మా నాన్న ఎరువుల లెక్కలు రాసుకునే పొడుగు పుస్తకంలో వెనక మిగిలిన కాగితాలు అడిగి తీసుకున్నాను. మొదటి పేజీలో పెద్దక్షరాలతో 'తోటరాముడి పెళ్ళి తర్వాత' అని రాశాను. మధ్యాహ్నాలు వసారాలో నాయనమ్మ చింతపండు కొట్టేది. పెంకు తీసి, ఈనె లాగి, చిన్న రాయితో టక్కున కొడితే గింజ జారి గిన్నెలో పడేది. నేను పక్కన చాపమీద బోర్లా పడుకుని రాసినంతవరకూ చదివి వినిపించేవాణ్ణి. కథ కుదిరితే ఆ టక్కుటక్కు ఆగకుండా సాగేది. ఎక్కడైనా ఆవిడకి నమ్మకం కలక్కపోతే రాయి పైకెత్తి అలాగే ఉంచేసేది. అంతకంటే కఠినమైన విమర్శకుణ్ణి తర్వాత నేనెక్కడా చూడలేదు.

మొదటి అధ్యాయం వినగానే ఆవిడడిగింది, "వాళ్ళమ్మేదిరా?" సినిమాలో ఆ తల్లి సురభి కమలాబాయి. బిడ్డ బయటికి వెళ్ళినప్పుడల్లా ప్రాణం అరచేతిలో పెట్టుకునే మనిషి. మేడకి రాదని నాయనమ్మ తేల్చేసింది. వస్తుంది, నాలుగు రోజులుంటుంది, పట్టుపరుపు మీద నిద్రపట్టక కింద చాప వేసుకుంటుంది, దాసీలు నవ్వుకుంటారు, ఐదో రోజు పాత గుడిసెకి వెళ్ళిపోతుంది. కొడుకు వచ్చి బతిమాలతాడు. "నువ్వే రారా ఇక్కడికి, గంజి తాగిపో" అంటుంది. ఆ మాటలు నాయనమ్మవే, నేను రాసుకున్నాను.

రాముడికి కోడి కూతతో మెలకువ వస్తుంది, చెట్లకి నీళ్ళు పోసే వేళ. లేచి తోటలోకి వెళ్తే మాలీలు పని ఆపేసి చేతులు కట్టుకుని నిలబడతారు. నిన్నటిదాకా ఒరేయ్ రాముడూ అన్నవాళ్ళు. గునపం ముట్టుకోబోతే ఒకడు పరుగున వచ్చి అందుకుంటాడు. అక్కడ నాయనమ్మ రాయి ఎత్తి ఆపింది. "భుజం మీద కాయ సంగతి రాశావా?" నాకర్థం కాలేదు. నాకు తాతయ్య గుర్తులేడు గానీ, ఏళ్ళ తరబడి కావడి మోసి ఆయన కుడి భుజం మీద చర్మం గట్టిపడి కాయ కాచిందట. చివరి రోజుల్లో మంచాన పడ్డాక అది మెత్తబడిపోయిందట. ఆయన అక్కడ చెయ్యి పెట్టి తడుముకునేవాడట.

అలా ఆ కాయ తోటరాముడికి వచ్చింది. రాజవైద్యులు నూనెలు పట్టించి పట్టించి దాన్ని కరిగించేస్తారు. ఒక రాత్రి ఎవరూ చూడకుండా రాముడు పాత కావడి తెచ్చి, నిండా నీళ్ళు పోసి ఎత్తుకుంటాడు. భుజం మండిపోతుంది. పదడుగులు కూడా నడవలేకపోతాడు. నేను రాసిన వాటిలో నాకు ఈనాటికీ నచ్చిన పేజీ అదే. అందులో గొప్పతనం నాది కాదు.

ఇందుమతి గురించి కూడా ఆవిడే ఆలోచించింది. మాంత్రికుడి గుహలో గడిపిన పిల్ల. గెలిచి తెచ్చేశాం కదా అంటే సరిపోదు. కొలువుకి తెల్లటి పొడుగు గడ్డంతో ఒక ముని వస్తాడు, మంచివాడే, ఆశీర్వదించడానికి చెయ్యెత్తుతాడు. ఇందుమతి ముఖం తెల్లబోతుంది. సభలో ఎవరికీ ఎందుకో తెలియదు, రాముడికి తెలుసు. లేచి వెళ్ళి ఆమెకీ మునికీ మధ్య నిలబడతాడు. అంతే, ఆ అధ్యాయంలో ఇంకేమీ జరగదు. అంజికి మాత్రం నేను సేనాపతి పదవి ఇచ్చేశాను. వాడు సేనలకి వంట బాగా పెట్టిస్తాడని రాస్తే నాయనమ్మ ఒప్పుకుంది.

సదాజపుడి దగ్గర గొడవైంది. గురువు పోయాక వాడికి దిక్కెవరు? రాముడు వాణ్ణి తోటలో పనికి పెట్టుకున్నట్టు రాశాను. నాయనమ్మకి కోపమొచ్చింది. "చచ్చినోణ్ణి లేపి కొంప కూల్చినోణ్ణి ఎవడైనా ఇంట్లో పెట్టుకుంటాడా?" అని ఆ పూట ఇక వినలేదు. మర్నాడు పొద్దున పాలు పితుకుతూ తనే అంది. "పెట్టుకోమను. వాడు గురువు కోసం చేశాడు, ఒళ్ళుకొవ్వి చేసింది కాదు. మందుమొక్కలు తెలిసినోడు గదా, ఆ పని అప్పజెప్పమను."

అన్నిటికంటే పెద్ద పేచీ విగ్రహంతో. గెలిచి వచ్చాక అది చేతిలో ఉంటే ఏం చేయాలి? నదిలో విసిరేశాడని రాశాను. రాయి ఆగింది. "చేపలు పట్టేవాడి వలకి తగలదా?" పాతిపెట్టాడని మార్చాను. "నాగలికి తగలదా?" నిప్పుల్లో వేశాడన్నాను. అమ్మవారిని నిప్పుల్లో వేయడమేమిట్రా అని కేకలేసింది. మరి నువ్వే చెప్పు అన్నాను. ఆవిడ చాలాసేపు చింతపండు కొట్టి, "దేవుడి గూట్లో పెట్టుకోవాల. రోజూ దీపం పెట్టాల. ఏమీ అడక్కూడదు" అంది.

నేనూరుకోలేదు. వాళ్ళకో బిడ్డ పుట్టాడనుకో, వాడికి జ్వరమొచ్చి వైద్యులు చేతులెత్తేశారనుకో, అప్పుడూ అడక్కూడదా? నాయనమ్మ రాయి కింద పెట్టేసింది. చేతులకి అంటిన పులుపు చెంగుతో తుడుచుకుంది. ఆవిడకి నాన్న కంటే ముందు ఇద్దరు పిల్లలు పోయారు. నాకప్పుడా సంగతి తెలియదు.

"బిడ్డకైతే అడగొచ్చు" అంది చాలాసేపటికి. మళ్ళీ తనే, "అడిగాక ఇంకోటి అడక్కుండా ఉండగలడా వాడు?" అంది. నన్ను కాదు అడిగింది, తనలో తను అనుకున్నట్టే అంది. ఆ అధ్యాయం రాయడం మొదలుపెట్టాను. రాముడు బిడ్డను భుజాన వేసుకుని దేవుడి గది గుమ్మం దాకా వచ్చేవరకూ రాశాను. బడి తెరిచారు. పదో తరగతి, తర్వాత ఊరు వదిలి ఇంటర్మీడియట్. నేను డిగ్రీలో ఉండగా నాయనమ్మ పోయింది. ఆ పుస్తకం అటక మీద చాలాకాలం ఉంది. కిందటేడు దింపితే సగానికి పైగా చెదలు తినేశాయి. కావడి పేజీ మిగిలింది. జ్వరం అధ్యాయంలో మొదటి రెండు పేజీలు మిగిలాయి.

ఈ మధ్య దాన్ని మళ్ళీ రాస్తున్నాను, తొలి పేజీ నుంచీ. మా అమ్మాయి చదువుతోంది. దానికి సదాజపుడంటే ఇష్టం, వాడి భాగం పెంచమంటోంది. మందుమొక్కలు తెలిసినవాడు కదా, జ్వరానికి వాడే ఏదైనా చేయగలడేమో, విగ్రహం దాకా ఎందుకు వెళ్ళాలి అని మొన్న అడిగింది. ఆ దారి నాకూ నాయనమ్మకీ తట్టనే లేదు. గురువును బతికించిన చేత్తోనే పిల్లాణ్ణీ బతికిస్తాడా, లేక ఆ ఒక్క మూలికా గురువు కోసమే అయిపోయిందా, అన్నదాని మీద ఇద్దరం వాదించుకుంటున్నాం.

మీ ఇళ్ళల్లో కూడా బాలనాగమ్మకో, తోటరాముడికో, ఇంకే కథకో పెళ్ళి తర్వాతి సంగతులు చెప్పిన పెద్దవాళ్ళుంటే వాళ్ళ మాటల్లోనే రాసి పెట్టుకోండి. వీలైతే నాకూ చెప్పండి. బాలవర్ధిరాజు తల్లిని మొదటిసారి అమ్మా అని ఎప్పుడు పిలిచాడో మా నాయనమ్మ ఒక్కో ఏడాది ఒక్కోలా చెప్పేది. మీ వైపు ఎలా చెప్తారో తెలుసుకోవాలనుంది.